ప్లగ్గు పట్టుకునే మనిషి

మా మామ చనిపోయాడన్న కబురు వచ్చేసరికి నేను కలమల్ల దగ్గర, థర్మల్ ప్లాంటులో పనిచేసే ఒకాయన ఇంట్లో ఉన్నాను. వానలకు ఉబ్బి ఆ ఇంటి వీధితలుపు గుమ్మంలో ఇరుక్కుంటోంది. దాన్ని ఊడదీసి, పక్కవాటుగా నిలబెట్టి, కరెంటు ప్లానరుతో అంచు చెక్కుతున్నాను. ఆ మిషను చప్పుడులో జేబులో ఫోను మోగినా నాకు తెలియలేదు. ఇంటాయనే చూసి చెయ్యి ఊపాడు. ఫోను చేసింది ప్రొద్దుటూరులో మా షెడ్డు పక్కన టీ అంగడి నడిపే ఆమె.

"పొద్దున టీకి రాల్యా అని పోయి సూసినానప్పా. మంచం మీద అట్లనే పండుకోని ఉండాడు మీ మామ. పిలిస్తే పలకల్యా, కదిపినా పలకల్యా" అంది.

నేను ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ మిషను చేతిలోకి తీసుకున్నాను. ఇంటాయనకు సంగతి తెలిసి, "పోప్పా, తలుపుదేముంది, రేపు బిగించొచ్చులే" అన్నాడు. నేను పోలేదు. తలుపు ఊడదీసిన ఇంటిని అలాగే వదిలి రాకూడదన్నది మా మామ పెట్టిన నియమం. ఎవరు పిలిచినా, ఏం జరిగినా, తలుపు మళ్ళీ బిగించి, గడియ పడుతుందో లేదో చూసుకుని రావాలి. కళ్ళలో నీళ్ళు నిలిచి మరలు సరిగా కనపడలేదు. ఎలాగో బిగించాను. గడియ పడింది. అప్పుడు మిషను సంచిలో వేసుకుని బండి ఎక్కాను.

ఆ మిషనులో బ్లేడ్లు ముందురోజు సాయంత్రమే మార్చాం. బోల్టులు నేను తిప్పాను, ప్లగ్గు ఆయన పట్టుకున్నాడు. మేమిద్దరం కలిసి చేసిన చివరి పని అదే. దాని గురించి చెప్తే చదివేవాళ్ళకు ఇదేం జ్ఞాపకమనిపించవచ్చు. కానీ మా మామను నేను తలుచుకున్నప్పుడల్లా ముందుగా కనపడేది ఆయన ముఖం కాదు, ప్లగ్గు పట్టుకున్న ఆయన పిడికిలి.

ఆయన నాకు పిల్లనిచ్చిన మామ. నాది కొండాపురం వైపు ఊరు. ఇప్పుడా ఊరు లేదు, రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు మా వాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. నేను చేతనైన వడ్రంగం పని వెతుక్కుంటూ ప్రొద్దుటూరు వచ్చి ఆయన షెడ్డులో చేరాను. చేరిన కొన్నాళ్ళకు కూతుర్నిచ్చి ఇంట్లోనే పెట్టుకున్నాడు. వీధిలో వాళ్ళు నన్ను "ఇల్లరికమప్ప" అని ఏడిపించేవాళ్ళు. ఆయన విని, "అవునప్పా, ఇల్లు మునిగిపోయినోడు ఇల్లరికం రాక యాడికి పోతాడు?" అనేవాడు. ఆ మాట ఇంకొకరెవరన్నా అనుంటే నాకు కోపం వచ్చేది. ఆయన అంటే నవ్వొచ్చేది.

ఆయన ఎడమచేతికి చూపుడువేలూ నడిమివేలూ సగం వరకే ఉండేవి. ఆ మొండివేళ్ళతోనే ఆయన ప్లానరు బ్లేడ్లు సానపట్టేవాడు. ప్లానరు గురించి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. చూడ్డానికి ఇస్త్రీపెట్టెలాగా ఉండే మిషను అది. అడుగున ఒక రోలరు గిర్రున తిరుగుతుంది. దానికి అటొకటి ఇటొకటి రెండు బ్లేడ్లు ఉంటాయి. కట్టెను చెక్కేది ఆ రెండే. వాటిలో ఒకటి మొద్దుబారితే దాన్నొక్కదాన్నే మార్చి పని గడుపుకునేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఆయన ఎప్పుడూ అలా చేయలేదు. తీస్తే రెండూ తీయాలి, పడితే రెంటికీ పదును పట్టాలి. తుమ్మకట్టెలో ఏటవాలుగా రెండు గాళ్ళు కోసి ఒక పట్టు చేసుకున్నాడు. రెండు బ్లేడ్లనూ అందులో పక్కపక్కన బిగించి, నూనెరాయి మీద ఒకేసారి రుద్దేవాడు. ఒకదానికి ఎంత అరుగుడో రెండోదానికీ అంతే.

"రెండూ ఒక తీరుగా లేకపోతే మిషను వణుకుతాది. అది వణికితే నీ చెయ్యి వణుకుతాది. చెయ్యి వణికితే తలుపు మీద అలలు లేస్తాయి, ఇంగ రంగేసినా దాగవు" అనేవాడు.

రుద్దడం అయ్యాక బ్లేడు అంచును బొటనవేలి గోరు మీద ఆనించి చూసేవాడు. జారితే మళ్ళీ రాయి మీదికే. గోరుకు పట్టుకుంటే ఇక చాలు. తర్వాత బిగించడం. మిషనును తల్లకిందులుగా పెట్టి, బ్లేడును రోలరులో కూర్చోబెట్టి, బోల్టులు సగం సగం బిగించి, రోలరు వెనకనున్న నున్నటి పీట మీద ఒక గాజుముక్క ఆనించేవాడు. పగిలిన కిటికీ అద్దం ముక్క అది, అంచులు సానపట్టి పెట్టుకున్నాడు. రోలరును మెల్లగా చేత్తో తిప్పితే బ్లేడు వచ్చి ఆ గాజును తాకాలి. ఎక్కువ లేస్తే గాజును ఎత్తేస్తుంది, తక్కువైతే తాకకుండానే పోతుంది. అటు చివర, ఇటు చివర, మధ్యలో కూడా ఒకేలా తాకాలి. "తాకాల, ఎత్తగూడదు" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ఒక్కోసారి విసుగొచ్చి, "మామా, నువ్వు నాకు చెప్తాండావా, బ్లేడుకు చెప్తాండావా?" అనేవాణ్ణి. "ఇద్దురికీ" అనేవాడు.

ఇదంతా ఎవరైనా చేసేదే, కొంచెం ఓపిక ఉంటే చాలు. మా షెడ్డులో మాత్రమే ఉన్నదొకటుంది. బ్లేడ్లు మార్చేటప్పుడు ప్లగ్గు ఊడదీసి పక్కన పడేస్తే సరిపోదు. దాన్ని రెండో మనిషి చేతిలో పెట్టాలి. పానా పట్టుకున్న మనిషి రోలరులో వేలు పెట్టేముందు, "ప్లగ్గు యాడుంది?" అని అడగాలి. రెండో మనిషి, "నా చేతిలో ఉండాది" అని పైకి చెప్పాలి. తల ఊపితే ఒప్పుకోడు. మాట వినపడిన తర్వాతే వేలు లోపలికి పోవాలి. నేను చేరిన కొత్తలో ప్లగ్గు పట్టుకునే మనిషి నా భార్య, అప్పటికింకా పెళ్ళి కాలేదు. వంటింట్లోంచి పిండిచేతులతో వచ్చి, కొంగుతో ప్లగ్గు పట్టుకుని నిలబడి, "నా చేతిలో ఉండాది నాయనా, బెరీన కానీ, పెనం మాడిపోతాంది" అనేది. నాకు ఆమె మీద మనసు పడింది ఆ మాట దగ్గరే.

ఆ నియమం వెనక ఉన్న కథ ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ అడిగితే చెప్పలేదు.

వాళ్ళది జమ్మలమడుగు అవతల ఒక పల్లె. వాళ్ళ తాత క్రైస్తవ మిషన్ కాంపౌండులో వడ్రంగం నేర్చుకున్నాడు. చర్చిగుడికి బల్లలూ, ఊరికి తలుపులూ, పోయినవాళ్ళకు పెట్టెలూ వాళ్ళింటి నుంచే పోయేవి. ఆ రోజుల్లో ఊరు రెండు పార్టీలు. పార్టీ అంటే అప్పట్లో జెండా రంగు తర్వాత సంగతి, ముందు ఏ ఇంటి మనిషివన్నదే లెక్క. రెండు పెద్ద ఇళ్ళకూ మందపాటి తలుపులు కావాలి. లోపల ఇనప పట్టీలు, పైనా కిందా గడియలు, ఒక్క తోపుకు మూసుకోవాలి. రెండిళ్ళకూ చేసింది మా మామే. వానాకాలంలో ఏ తలుపు ఉబ్బినా ఆయన్నే పిలిచేవాళ్ళు. తలుపు తీసిన ఇంటిని వదిలి రాకూడదన్న నియమం అక్కడిది. తలుపు లేకుండా ఒక్క పూట గడపడమంటే ఆ ఇళ్ళకు ఏమిటో ఆయనకు తెలుసు.

ఆయనకు ఒక తమ్ముడు. అన్న కొత్తగా ప్లానరు కొంటే అన్నకంటే ఎక్కువ మురిసిపోయినవాడు. ఇద్దరూ కలిసే పని చేసేవాళ్ళు. ఉన్నట్టుండి తమ్ముడు ఒక పార్టీ నాయకుడి జీపు వెంట తిరగడం మొదలుపెట్టాడు. జీపు హారన్ వినపడితే చేతిలో ఏముంటే అది వదిలి పోవాలి, లేదంటే మాట పడాలి. ఒకరోజు ఒక దర్వాజా చెక్కుతుంటే కరెంటు పోయింది. మా వైపు కరెంటు పోతే అదొక సెలవులాంటిది, ఎప్పుడొస్తుందో ఎవరూ అడగరు. మిషను నొక్కుడు బటను లాక్ అయ్యే ఉంది. కరెంటు లేనప్పుడే బ్లేడ్లు మార్చేసుకుందామని మా మామ మిషనును బోర్లించి, "ప్లగ్గు తీరా" అన్నాడు. "తీస్తాండా అన్నా" అన్నాడు తమ్ముడు. అంతలో బయట హారన్ కొట్టారు. తమ్ముడు అట్నుంచి అటే పరిగెత్తాడు. ప్లగ్గు గోడకే ఉండిపోయింది. అన్న వేళ్ళు రోలరు మీద ఉండగా కరెంటు వచ్చింది.

"చిన్నమామ చేసింది తప్పు గదా మామా?" అన్నాను నేను కథ విని.

"చూసుకోవాల్సింది నేను. కరెంటు ల్యాదు గదా అనుకుంటి. అది ఎప్పుడొచ్చాదో ఎవురికి తెలుసు?" అన్నాడు. "వాణ్ణి ఏమీ అనగాకు. వాడు ఉరికింది నా వేళ్ళు పోవాలని గాదు."

చేతికి కట్టు ఉండగానే ఇంకొకటి జరిగింది. ఆ నాయకుడు తమ్ముణ్ణి అన్న దగ్గరకు పంపాడు. అవతలి ఇంటి తలుపులకు గడియలు ఎక్కడెక్కడున్నాయో, ఏ తలుపు వెనక పట్టీ లేదో కనుక్కుని రమ్మని. తమ్ముడు వచ్చి తల దించుకుని అడిగాడట. మా మామ, "తలుపు చేసినోడు తలుపు సంగతి బయట చెప్పడు. మీ నాయకుని ఇంటి తలుపు సంగతి వాళ్ళడిగినా ఇదే మాట" అన్నాడు. తమ్ముడు వచ్చిన దారినే పోయాడు. ఆ తర్వాత ఊళ్ళో ఆయనకు పని ఇవ్వవద్దన్నారు. ఒక ఇంటికి చెప్పనందుకు వాళ్ళూ, చెప్పి ఉంటాడేమోనన్న అనుమానంతో అవతలివాళ్ళూ, ఇద్దరికీ దూరమయ్యాడు. ఆడపిల్లను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చేశాడు. అప్పటికే భార్య లేదు. బయలుదేరేరోజు తమ్ముడు ఇంటి నుంచి బయటకు రాలేదట.

ఆ తర్వాతి కాలమంతా తమ్ముడు కేసుల్లో, కోర్టు వాయిదాల్లో గడిపాడని తెలిసింది. కొన్నాళ్ళు లోపల కూడా ఉన్నాడు. బయటికొచ్చాక నాయకుడి ఇంటి మెట్లెక్కనివ్వలేదు. పులివెందుల అవతల ఒక చీనీతోటలో, అంటే బత్తాయితోటలో, కాపలా కుదిరాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఆ వైపు నుంచి కాయలు తెచ్చే లారీ డ్రైవరొకాయన మా పక్క అంగట్లో టీ తాగేవాడు. మా మామ ప్రతిసారీ ఆయన్ను పట్టుకుని, "మా తమ్ముడు కనపడినాడా? ఎట్లుండాడు? అన్న రమ్మన్నాడని చెప్పినావా?" అని అడిగేవాడు. డ్రైవరు, "చెప్పినానప్పా. ఇని ఊరకుండాడు" అనేవాడు. కాయలు దిగే కాలంలో మాత్రం ఆ లారీలో ఒక గోనెసంచి వచ్చేది. నిండా చీనీకాయలు. పేరు ఉండదు, మాట ఉండదు. మా మామ సంచి మూతి విప్పి చాలాసేపు వాసన చూసి, "మనిషి రాకుండా కాయలొచ్చినాయి" అని లోపల పెట్టేవాడు. వీధిలో అందరికీ పంచినా ఒక్క కాయ మాత్రం ప్లగ్గు బోర్డు పక్కనున్న స్టూలు మీద పెట్టేవాడు. అది ఎండి తోలు గట్టిపడేదాకా అక్కడే ఉండేది.

"నువ్వే ఒగసారి పోయి రారాదా మామా?" అని అడిగాను.

"నేను పోతే వాడు నా చెయ్యి సూసి ఏడుచ్చాడు. వాడంతట వాడొస్తే ఏడ్చినా పర్వాల్యా" అన్నాడు. ఆ లెక్క నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. ఆయన ఆశ మాత్రం అదొక్కటే. ఆ షెడ్డు గడపలోకి తమ్ముడు ఒక్కసారి వచ్చి నిలబడితే చాలనుకున్నాడు.

ఒకనాడు పేపర్లో ఫోటో పడింది. ఆ ఊరి నాయకులిద్దరూ ఒకే పార్టీలో చేరి, ఒకే స్టేజీ మీద ఒకరికొకరు దండలు వేసుకుంటున్నారు. నేను చదివి వినిపించాను. ఆయన బ్లేడ్లు రుద్దుతూ విన్నాడు. "ఇంగ ఆ తలుపులకు గడియలెందుకంట? ఊడబీకి ఇమ్మను, గుడికి బల్లలు చేచ్చా" అన్నాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆ పూట బ్లేడ్లను అవసరానికి మించి రుద్దాడు. అంత అరిగిస్తే ఎందుకూ పనికిరావని నేను చేతిలోంచి తీసుకోవాల్సి వచ్చింది.

నా భార్య జబ్బుతో పోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయలేను. పిల్లలు లేరు. ఆమె పెట్టెను మేమిద్దరమే చేశాం. పెట్టె చేసేవాళ్ళు బయటివైపే నునుపు చేసి వదిలేస్తారు, లోపల గుడ్డ పరుస్తారు గనక. ఆయన ఎవరికి చేసినా లోపలివైపు కూడా చిత్రిక పట్టేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "లోపల పండుకునేది మనిషి గదప్పా" అనేవాడు. కూతురి పెట్టెకు కూడా అదే చేశాడు. చెయ్యి పెట్టి లోపల అంతా తడిమి చూసి, ఒక మూల గరుకుందని మళ్ళీ పట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మేం ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు మగవాళ్ళం, మధ్యలో మనిషి లేదు. ఆమె లేకపోయాక ఆయనకు నేను ఏమవుతాను? ఈ ప్రశ్న నన్ను తినేసింది. పొమ్మంటాడేమోనని భయం, ఉండమంటే ఏ హక్కుతో ఉండాలని సంకోచం. పోవడానికి నాకు ఊరు కూడా లేదు. ఒకరోజు బ్లేడ్లు మొద్దుబారాయి. ఆయన మిషనును బోర్లించి, ప్లగ్గు ఊడదీసి, గుమ్మం వైపు చూశాడు. ఆమె వచ్చి నిలబడే చోటు అది. నా దగ్గరకు వచ్చి ప్లగ్గు నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ప్లగ్గు యాడుంది?" అన్నాడు పానా పట్టుకుని.

"నా చేతిలో ఉండాది మామా" అన్నాను. మాట వినపడలేదని ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. ఇక పోవడం గురించి నేను మళ్ళీ ఆలోచించలేదు.

చివరి రోజుల్లో ఆయన చూపు తగ్గింది. గాజుముక్క మీద బ్లేడు తాకడం కంటికి తెలిసేది కాదు, చెవి పెట్టి వినేవాడు. తర్వాత అదీ మానేసి, పానా నాకిచ్చి, తాను స్టూలు మీద కూర్చుని ప్లగ్గు పట్టుకునేవాడు. చీనీకాయ ఉంటే ఒళ్ళో పెట్టుకునేవాడు. పిడికిలి మాత్రం వదిలేవాడు కాదు.

నేను కలమల్ల నుంచి వచ్చేసరికి వీధివాళ్ళు ఆయనను చాప మీదికి దించి ఉన్నారు. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తున్నాడు. గుడి కుర్రకారు ఆస్పత్రి దగ్గర దొరికే రెడీమేడ్ పెట్టె తెస్తామన్నారు. వద్దన్నాను. షెడ్డు వెనక నా ఊరి కట్టె ఉంది. మా ఇల్లు మునగకముందు దూలాలు విప్పి తెచ్చుకుంటే, ఆయన వాటిని పలకలు కోయించి, ఎవరికీ అమ్మకుండా దాచాడు. "ఇది మన ఇంటి కట్టె" అని. ఆ పలకలే బయటికి తీశాను. నేను ఒంటరిగా పని మొదలుపెడితే కుర్రవాళ్ళు గడప అవతల గుంపుగా నిలబడి చూస్తూ ఉండిపోయారు.

బయటివైపు బాగానే పట్టింది. లోపలివైపు చిత్రిక పడుతుంటే పాత మేకు ఒకటి తగిలింది. కట్టెలో విరిగి లోపల ఉండిపోయిన మేకు, పైకి కనపడలేదు. మిషను అరిచింది. ఆపి చూస్తే రెండు బ్లేడ్లకూ గాటు పడింది. ముందురోజు ఆయన పక్కన కూర్చుండగా బిగించిన బ్లేడ్లు. మేకు పీకాను. ప్లగ్గు ఊడదీశాను. ఊడదీసి దాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఎవరికివ్వాలి? అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

గుంపు వెనక ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, కాళ్ళకు ఎర్రమట్టి. గడప దాటడం లేదు, పోవడమూ లేదు. నేను అంతకుముందు ఎప్పుడూ ఆయనను చూడలేదు. కానీ ఆ నొసలు మా మామదే.

"ఎవురప్పా?" అన్నారు పక్కవాళ్ళు.

"డ్రైవరు ఫోను చేసి చెప్పినాడు" అన్నాడు ఆయన. ఎవరన్నది చెప్పలేదు.

"రా చిన్నమామా, లోపలికి రా" అన్నాను.

"వద్దులేప్పా. నేను ఆ షెడ్డులోకి రాగూడని మనిషిని" అన్నాడు.

నేనే గడప దగ్గరకు వెళ్ళాను. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టి, ప్లగ్గు ఆయన చేతిలో పెట్టాను. "బ్లేడ్లు మార్చాల. పట్టుకో" అన్నాను. ఆయన దాన్ని చూసిన చూపు నేను రాయలేను. రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను మిషను బోర్లించి, పానా తీసుకుని, వేలు పెట్టబోతూ అలవాటుగా అడిగాను.

"ప్లగ్గు యాడుంది?"

జవాబు రాలేదు. నేను వేలు పెట్టలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. నేను ఎదురుచూశాను.

"నా చేతిలో ఉండాది" అన్నాడు చివరికి. "నా చేతిలోనే ఉండాదన్నా. ఇడవను."

నన్ను అన్నా అన్నాడని ఆయనకు తెలుసో తెలియదో. నేను పాత బ్లేడ్లు తీశాను. పదును పెట్టి ఉంచిన ఇంకో జత ఉంది, దాన్ని కూర్చోబెట్టాను. గాజుముక్క ఆనించి రోలరు తిప్పాను. తాకింది, ఎత్తలేదు. బోల్టులు బిగించాను. అయిపోయిందని చెప్పినా ఆయన పిడికిలి తెరవలేదు. ఒక్కొక్క వేలూ నేనే విప్పాల్సి వచ్చింది. ప్లగ్గు పిన్నులు ఆయన అరచేతిలో గుంటలు పెట్టాయి.

పెట్టెలోకి దించాక చిన్నమామ తన అన్న ఎడమచేతిని పైకి తీసి, ఆ మొండివేళ్ళను తన రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చాడు. మా మామ చెప్పినట్టే ఏడ్చాడు. తనంతట తానే వచ్చి ఏడ్చాడు. చూడాల్సిన మనిషి మాత్రం చూడలేదు. ఆ ఒక్క సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సమాధుల తోట నుంచి వచ్చాక ఉండమని అడిగాను. ఎన్నాళ్ళయినా ఉండమన్నాను, నిజంగానే అడిగాను. "తోటకాడ ఎవురూ ల్యారప్పా. కాయ పిందె మీదుండాది" అని పులివెందుల బస్సెక్కాడు. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. ఆయన ఊపే మనిషి కాడని నాకు అర్థమైంది.

ఆ తర్వాత మళ్ళీ నేనూ షెడ్డూ మిగిలాం. పొద్దున టీ అంగడామె ఒక్క గ్లాసే పంపుతుంది. మొదట్లో మరిచిపోయి రెండు పంపేది. నేను రెండూ తాగేవాణ్ణి, తిప్పి పంపితే ఆమె బాధపడుతుందని. పని వస్తోంది, చేస్తున్నాను. మాట్లాడే అవసరం లేకుండానే రోజులు గడిచిపోతున్నాయి. ఒక్కోసారి సాయంత్రం ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే నా గొంతు నాకే కొత్తగా వినపడుతుంది.

మొన్న ఒక వేపతలుపు చెక్కుతుంటే బ్లేడ్లు మొద్దుబారాయి. మార్చక తప్పదు. ప్లగ్గు ఊడదీసి పక్కన పెడితే చాలు, మిషనుకు అంతకంటే అక్కర్లేదు. ఊళ్ళో వడ్రంగులంతా అలాగే చేస్తారు. నేను కూడా అలాగే పక్కన పెట్టి, మిషను బోర్లించి, పానా తీసుకున్నాను. చెయ్యి లోపలికి పోలేదు. మళ్ళీ ప్రయత్నించాను, పోలేదు. లేచి నిలబడ్డాను. గోడమేకుకు మా మామ ఖాకీచొక్కా వేలాడుతోంది. పోయిన రోజు నుంచి అది అక్కడే ఉంది, భుజాల మీద ఇంకా కట్టెపొట్టు ఉంది. ప్లగ్గు తీసుకెళ్ళి ఆ చొక్కా జేబులో పెట్టి, జేబు మీది బొత్తం పెట్టాను.

వచ్చి కూర్చుని, "ప్లగ్గు యాడుంది మామా?" అని పైకే అడిగాను.

బయట వీధిలో ఆటో ఒకటి పోయింది. దాని చప్పుడు తగ్గేదాకా ఆగి, మొదటి బోల్టు తిప్పాను. తలుపు సందులోంచి గాలి వస్తే చొక్కా కొంచెం ఊగింది. వైరు జేబులోంచి నేల దాకా వేలాడుతూ ఉంది, జారలేదు.